ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లలో పాఠభేదములు

ప్రాచీన కావ్యములను పరిష్కరించు పండితులు వేర్వేరు వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన ఉంచుకొని, అక్షరమునకు అక్షరము సరిపోల్చి చూతురు. లేఖకుల చేతిలో దొర్లిన పొరపాట్లే ఏ ప్రతి దేనినుండి పుట్టినదో తెలియజేయును. వేమన పద్యములను ప్రకటించుటకై సి.పి. బ్రౌను అనేక ప్రతులను ఇట్లే పోల్చి చూచెను. నేటి శాస్త్రజ్ఞులు పక్షుల, మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను పరిశీలించు విధానము దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది.

ఇన్‌ఫ్లుయెంజా 'ఎ' వైరస్ యొక్క జన్యు సమాచారమంతయు ఎనిమిది ఆర్.ఎన్.ఏ. ఖండములలో ఇమిడియున్నది. అన్నియు కలిపి సుమారు 13,500 అక్షరములు. ప్రోటీనును నిర్మించునపుడు మూడేసి అక్షరములు ఒక్కొక్క అమైనో ఆమ్లమును నిర్ణయించును. తన నకళ్లలోని తప్పులను ఈ వైరస్ సరిదిద్దుకొనజాలదు. కావున ఉత్పరివర్తనములు తరచుగా కలుగుచుండును. కొన్నిట అక్షరము మారినను అమైనో ఆమ్లము మారదు. అట్టి మార్పులు వంశక్రమమును తెలుపుటకు ఉపకరించును. అమైనో ఆమ్లము మారినచో వైరస్ స్వభావమే మారవచ్చును. అందుచేత జన్యువును, ప్రోటీనును రెంటిని పోల్చి చూడవలెను.

ఒకే కణములో రెండు జాతుల వైరస్‌లు ప్రవేశించినపుడు వాటి ఖండములు కలగలసి క్రొత్త వైరస్ పుట్టవచ్చును. 1957లో ప్రబలిన వైరస్‌లో మూడు ఖండములు, 1968 నాటి దానిలో రెండు ఖండములు పక్షి వైరస్‌ల నుండి వచ్చినవని ఈ పోలిక వలననే తెలిసినది. మిగిలినవి అంతకు పూర్వపు మానవ వైరస్‌వి.

వైరస్ ఉపరితలముపై హీమగ్లుటినిన్ అను ప్రోటీను కలదు. కణమును పట్టుకొనుటకు అదియే సాధనము. పక్షుల కణములపై సియాలిక్ ఆమ్లము ఒక విధముగా బంధింపబడి యుండగా, మనుష్యుని ముక్కు, గొంతు కణములపై ప్రధానముగా వేరొక విధముగా నుండును. 1957, 1968 వైరస్‌లలో ఈ ప్రోటీను యొక్క 226, 228 స్థానములు మారుటచే మానవ కణములను పట్టు శక్తి వచ్చినది.

కణమును పట్టుట ఒక్కటే చాలదు. లోపల వృద్ధి చెందవలెను. ఇందులకు తోడ్పడు పి.బి.2 ప్రోటీనులో 759 అమైనో ఆమ్లములు గలవు. 627వ స్థానమున పక్షి వైరస్‌లలో సాధారణముగా గ్లుటామిక్ ఆమ్లము, 1918, 1957, 1968 నాటి మానవ వైరస్‌లలో లైసీన్ కనబడును. జి.ఎ.జి. అను మూడక్షరములు ఎ.ఎ.జి. అగుటతోనే ఇంతటి భేదము కలుగును. ఈ ప్రోటీనుకు సహాయపడు ఎ.ఎన్.పి.32ఎ అను కణ ప్రోటీను పక్షులలో ఒక రీతిగా, మనుష్యులలో మరొక రీతిగా ఉండుటయే దీనికి కారణమని 2016లో వెల్లడి యైనది.

అయినను ఒక్క అక్షరమును చూచి తీర్పు చెప్పరాదు. 2009లో లోకమంతట వ్యాపించిన హెచ్1ఎన్1 వైరస్‌లో 627వ స్థానమున పక్షి వైరస్‌లవలె గ్లుటామిక్ ఆమ్లమే యుండెను. 590, 591 స్థానములలోని అమైనో ఆమ్లములు ఆ లోటును పూరించినవి. ఒక పదమును బట్టి కావ్యమును నిర్ణయింపరాదనుట ఇచ్చటను వర్తించును.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలో హెచ్5ఎన్1 సోకి, కోళ్లు పెద్ద సంఖ్యలో మరణించినవి. అట్టి సమయమున వైరస్ అనుక్రమమును వెంటనే చదివి, పై స్థానములలో మార్పు వచ్చినదా యని చూచుట ముందుజాగ్రత్తకు ఆధారమగును. 1982లో అమెరికాలో నెలకొల్పబడిన జీన్‌బ్యాంక్‌లోని అనుక్రమములను ఎవ్వరైనను ఉచితముగా చూడవచ్చును. విద్యార్థులు అందుండి ఒక పక్షి వైరస్‌ను, ఒక మానవ వైరస్‌ను గ్రహించి, పి.బి.2 జన్యువులను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, 627వ స్థానమును స్వయముగా గుర్తింతురు గాక. పాఠము చదువుటకును, శాస్త్రము చేయుటకును గల తేడా అప్పుడు బోధపడును.