ఉత్కంఠ: ఒక కిటికీ నేర్పే పాఠం



‘ఉత్కంఠ’ అనే మాట క్రికెట్ వార్తల్లో మీకు తరచు కనిపిస్తుంది. ఇది తత్సమ పదం. ‘ఉత్’ అంటే పైకి, ‘కంఠం’ అంటే మెడ. ఏం జరగబోతోందో చూడాలని మెడ ఎత్తి, నిక్కి చూసే స్థితి ఉత్కంఠ. వాడుకలో దీన్నే సస్పెన్స్ అంటున్నాం. ఈ మాటకు నిఘంటువు కంటే బాగా అర్థం చెప్పే సినిమా ఒకటుంది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1954లో తీసిన ‘రియర్ విండో’, అంటే వెనకవైపు కిటికీ. నాకు ఎంతో ఇష్టమైన సినిమా ఇది. ముగింపు తెలిసి కూడా చూసిన ప్రతిసారీ నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. తెలిసిన కథ ఎందుకు భయపెడుతుంది? ఈ ప్రశ్నతోనే మన పాఠం మొదలుపెడదాం.

కథ

న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ ప్రాంతం. ఎండాకాలం. జెఫ్రీస్ అనే ఫోటోగ్రాఫర్ కాలు విరిగి, పిండికట్టుతో చక్రాల కుర్చీలో ఉంటాడు. ఈ పాత్ర వేసింది జేమ్స్ స్టివర్ట్. ఉక్కపోతకు అందరి కిటికీలూ తెరిచే ఉంటాయి. పొద్దుపోక అతను ఎదుటి ఇళ్లను చూస్తుంటాడు. నాట్యం చేసే అమ్మాయి, పాట కడుతున్న సంగీత దర్శకుడు, ఒంటరి స్త్రీ, కొత్త దంపతులు, కుక్కపిల్లను పెంచుకునే జంట, మంచాన పడ్డ భార్యతో థోర్వాల్డ్ అనే అమ్మకాల ఉద్యోగి. ఒక వాన రాత్రి థోర్వాల్డ్ పెట్టె పట్టుకుని పదే పదే బయటికి వెళ్లి వస్తాడు. మర్నాటి నుంచి అతని భార్య కనిపించదు. ఆమె ఊరికి వెళ్లిందా, లేక జరగరానిది ఏదైనా జరిగిందా? అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ముగింపు మాత్రం నేను చెప్పను.

కార్నెల్ ఉల్‌రిచ్ 1942లో రాసిన చిన్న కథ దీనికి ఆధారం. ఆ పెరడూ, ఇళ్లూ నిజమైనవి కావు. పారమౌంట్ స్టూడియోలో వేసిన సెట్టు.

చెప్పకుండా చూపించడం

సినిమా మొదట్లో కెమెరా ఆ గదిలో నెమ్మదిగా తిరుగుతుంది. చెమట పట్టిన ముఖం, కాలికి కట్టు, పగిలిన కెమెరా, రేసు కారు ప్రమాదం ఫోటో, అందులో మన మీదికే దూసుకొస్తున్న చక్రం. ఒక్క మాట లేకుండానే అతని ఉద్యోగం ఏమిటో, కాలు ఎలా విరిగిందో మనకు తెలిసిపోతుంది. మీరు కథ రాసేటప్పుడు “అతను ధైర్యవంతుడు” అని రాస్తారు. ఆ ధైర్యం కనిపించే వస్తువు ఒకటి చూపించండి, చాలు.

పాఠకుడికి తెలియనివ్వడం

హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉన్న సంగతి మనకు చెప్పకుండా పేలిస్తే కొన్ని క్షణాల ఆశ్చర్యం. ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటుంటే నిమిషాల కొద్దీ ఉత్కంఠ.

ఈ సినిమాలో జెఫ్రీస్ స్నేహితురాలు లీసా (గ్రేస్ కెల్లీ) ఆధారం వెతుకుతూ థోర్వాల్డ్ ఇంట్లోకి వెళ్తుంది. అతను తిరిగి వచ్చేస్తున్నాడు. ఆ సంగతి మనకు తెలుసు, జెఫ్రీస్‌కు తెలుసు, లీసాకు తెలియదు. ఎదుటే జరుగుతున్నా కాలు కట్టుతో ఉన్న మనిషి కదలలేడు. సినిమా హాల్లో కూర్చున్న మనమూ అంతే. మన మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. ఉత్కంఠ తెలియకపోవడం వల్ల మాత్రమే పుట్టదు. తెలిసీ ఏమీ చేయలేకపోవడం వల్ల పుడుతుంది. అందుకే ఎన్నిసార్లు చూసినా అది తగ్గదు.

ఇరుగు పొరుగు

నా మనసుకు బాగా పట్టిన దృశ్యం మరొకటి. ఒక రాత్రి పెరట్లో ఆ కుక్కపిల్ల చచ్చిపడి ఉంటుంది. దాన్ని పెంచుకున్న ఆమె గట్టిగా ఏడుస్తూ, ఇరుగు పొరుగు అంటే ఒకరి మంచి చెడ్డలు ఒకరికి పట్టాలి కదా, ఇక్కడ ఎవరికీ పట్టవేం అని అందరినీ నిలదీస్తుంది. సినిమా అంతా దాదాపు జెఫ్రీస్ గదిలోనే ఉండే కెమెరా అప్పుడు బయటికి వచ్చి ఆ పొరుగువాళ్ల ముఖాలను దగ్గరగా చూపిస్తుంది. కాసేపటికి అందరూ లోపలికి వెళ్లిపోతారు. ఒక్క కిటికీ చీకటిగా ఉంటుంది. అందులో సిగరెట్టు నిప్పు వెలిగి ఆరుతుంది.

ఈ దృశ్యం మనలాంటివాళ్లకు ఇంకాస్త దగ్గర. మూడు నాలుగేళ్లకోసారి బదిలీ, కొత్త ఊరు, కొత్త క్వార్టర్స్. ఎదురింటి స్కూటర్ రంగు, వాళ్ల కుక్కర్ కూత వేళ మనకు తెలుస్తాయి. వాళ్ల పేర్లు తెలియవు. “ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే కదా” అనుకుంటాం. జెఫ్రీస్ కూడా పొరుగువాళ్లకు తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒక్కరినీ పలకరించలేదు.

అలాగని అతను చూడకపోతే ఒక నేరం బయటపడే దారే ఉండేది కాదేమో! మరి అతను చేసింది తప్పా, ఒప్పా? పరాయి ఇంట్లోకి దూరదర్శినితో తొంగిచూడడం మర్యాద కాదు. పక్కింట్లో ఎవరికైనా కష్టం వస్తే గమనించకపోవడమూ మర్యాద కాదు. నాకు తోచిన తేడా ఒక్కటే. తొంగిచూసేవాడు చీకట్లో దాక్కుంటాడు. పట్టించుకునేవాడు వెళ్లి తలుపు తడతాడు. చేతిలో ఫోన్ ఉన్న మీ తరానికి ఈ తేడా మరీ అవసరం.

అభ్యాసం

1. మీ కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని మనుషుల మాటలు లేకుండా పది వాక్యాల్లో వర్ణించండి.
2. పాఠకుడికి తెలిసి, పాత్రకు తెలియని ఒక విషయాన్ని తీసుకుని చిన్న కథ రాయండి.
3. జెఫ్రీస్ చేసింది సరైనదేనా? తరగతిలో రెండు జట్లుగా చర్చించండి.
4. మీ ఎదురింటివారిని పలకరించి, వాళ్ల పేర్లు, సొంత ఊరు, వాళ్ల భాషలో ‘పొరుగు’ను ఏమంటారో తెలుసుకుని రండి. ఈ నాలుగో పనికి మార్కులు లేవు. అయినా ముందు అదే చేయండి.