ఇంజనులో నూనె ఎక్కువైతే ఏమవుతుంది?

 

పోయిన ఆదివారం మన హాస్టలు జనరేటరుకు ఆయిలు మార్చారు కదా. వాచ్‌మన్ తాత కొత్త ఆయిలు పోసి, మళ్లీ కింద బోల్టు వదులు చేసి కొంచెం తీసేశాడు. అది చూసి ఆరో తరగతి చెల్లెళ్లు నవ్వారు. "డబ్బులెట్టి కొన్న నూనె పోసి మళ్లీ తీసేయడమేటి?" అని అడిగారు. తియ్యమని తాతకు చెప్పినది నేనే. ఎందుకు చెప్పానో ఈ వ్యాసంలో రాస్తున్నాను. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను.

వేసవిలో జరిగినది

మాది మందస పక్క కొండ మీద సవర గూడెం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. వేసవిలో అమ్మ, నాన్న ఉద్దానం దిగి ఒక కొబ్బరి తోటలో కాపలా ఉంటారు. సెలవులకు నేనూ, తమ్ముడూ అక్కడికే వెళ్తాం. ఆ తోట బావి దగ్గర డీజిల్ ఇంజను ఉంది. హ్యాండిల్ కొట్టి స్టార్టు చేసే రకం.

మే నెలలో ఆయిలు నల్లగా అయిపోయిందని నాన్న, మావ కలిసి మార్చారు. పాత ఆయిలు పూర్తిగా దిగకముందే బోల్టు బిగించేశారు. తోట ఆసామి ఐదు లీటర్ల డబ్బా పంపించాడు. మావ డబ్బా మొత్తం పోసేశాడు. ఇంజను మీద రేకు ముక్కలో ఆయిలు 3.5 లీటర్లు అని ఇంగ్లీషులో ఉంది. నేను చదివాను. లెక్క నాకు తెలిసింది. మెల్లగా "మావా, ఎక్కువయిందేమో" అన్నాను. "నూనె తక్కువైతే తప్పు గానీ ఎక్కువైతే ఏటవద్ది పిల్లా, ఇంజనుకి బలమే" అన్నాడు. పెద్దవాళ్లకు తెలియదా అని నేను ఇంక మాట్లాడలేదు.

హ్యాండిల్ చాలా బరువుగా తిరిగింది. ఎలాగో స్టార్టయింది. కాసేపటికి నీలం, తెలుపు కలిసిన పొగ తోటంతా కమ్మేసింది. పక్క గొట్టంలోంచి నూనె చిమ్మింది. శబ్దం దానంతటదే పెరిగిపోయింది. నాన్న డీజిల్ కట్టేశాడు, అయినా ఇంజను ఆగలేదు! అమ్మ మమ్మల్ని దూరంగా లాక్కుపోయింది. నాన్న తడి గోనెసంచి మడతపెట్టి గాలి ఫిల్టరు మీద అదిమాడు. అప్పుడు ఆగింది.

పలాస నుంచి మెకానిక్కు వచ్చి బాగు చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు అమ్మ బావి నుంచి కుండలతో మోసి కొబ్బరి మొక్కలకు నీళ్లు పోసింది. ఖర్చు నాన్న కూలిలో పట్టుకున్నారు. పదిహేను రోజుల కూలి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదివి కూడా ఊరుకున్నాను కదా అని.

డీజిల్ ఇంజను ఎలా పని చేస్తుంది?

డీజిల్ అనేది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో ఈ ఇంజను బాగా పని చేస్తుందని చూపించాడు. ఇందులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. సైకిల్ ట్యూబుకు గాలి కొడితే పంపు కింద వేడెక్కుతుంది కదా, అదే సూత్రం. పిస్టన్ గాలిని పదహారో వంతు, అంతకన్నా తక్కువ చోటులోకి కూడా నొక్కేస్తుంది. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులో డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకొని పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ కిందికీ పైకీ ఆడితే క్రాంకు గుండ్రంగా తిరుగుతుంది.

క్రాంకు కింద ఉన్న తొట్టిలో ఆయిలు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని చాంబర్ అంటారు. ఆయిలు ఇనుముకూ ఇనుముకూ మధ్య పలచని పొరగా ఉండి అరుగుదల ఆపుతుంది, వేడి తగ్గిస్తుంది, మసి కడుగుతుంది.

ఎక్కువైతే వచ్చే నష్టాలు

1. మన జనరేటరు మీద 1500 అని ఉంది. అంటే క్రాంకు నిమిషానికి 1500 చుట్లు, సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. నూనె దాని దాకా వస్తే కవ్వంతో మజ్జిగ చిలికినట్టు నురగ వస్తుంది. నురగలో సగం గాలే. బేరింగులకు నూనె బదులు గాలి వెళ్తే అవి అరిగిపోతాయి. నూనె ఎక్కువ పోశాం, కానీ బేరింగుకు తక్కువే అందింది. ఇదే నాకు అన్నిటికన్నా వింతగా తోచింది.

2. నూనెలో ఈదుతున్నట్టు తిరగడం వల్ల ఇంజనుకు బరువు, వేడి పెరుగుతాయి. సీళ్ల దగ్గర నూనె కారుతుంది.

3. నూనె పిస్టన్ పైకి చేరి కాలితే నీలం పొగ వస్తుంది.

4. చాంబర్‌లోని ఆవిరి బయటికి పోయే గొట్టాన్ని బ్రీదర్ అంటారు. కొన్ని ఇంజన్లలో అది గాలి లోపలికి వెళ్లే దారిలో కలుస్తుంది. అక్కడి నుంచి నూనె లోపలికి పోతే ఇంజను తన నూనెనే ఇంధనంగా కాల్చుకుంటుంది. అప్పుడు డీజిల్ కట్టినా ఆగదు. వేగం పెరిగి ముక్కలైపోవచ్చు. గాలి మూసేస్తే ఆగుతుంది. మెకానిక్కు అన్నాడు, గుడ్డ లోపలికి లాగేసుకోవచ్చు, చెక్క పలకతో మూయడం మంచిది, చెయ్యి మాత్రం పెట్టకూడదు అని. పిల్లలు దగ్గరికి పోకుండా దూరంగా వెళ్లి పెద్దవాళ్లను పిలవాలి.

ఎలా కొలవాలి? ఎలా తియ్యాలి?

ఇంజను చదునైన చోట ఉండాలి. నడిచిన ఇంజనైతే ఆపి పది, పదిహేను నిమిషాలు ఆగాలి, పైన ఉన్న నూనె కిందికి దిగుతుంది. కొలిచే పుల్ల (డిప్‌స్టిక్కు) తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. రెండు గీతల మధ్య నూనె ఉంటే సరి. పై గీత దాటితే స్టార్టు చెయ్యవద్దు.

కింద శుభ్రమైన గిన్నె పెట్టి డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చెయ్యాలి. కొంచెం తీసి బిగించి మళ్లీ కొలవాలి. కాలిన నూనె చేతిని కాలుస్తుంది, చల్లారనివ్వాలి. గొట్టం పెట్టి నోటితో పీల్చకూడదు. కొత్త నూనె శుభ్రంగా పట్టుకుంటే దాచి వాడుకోవచ్చు. నల్ల నూనెను నేల మీద పారబోయకూడదు. ఉద్దానం ఇసుక నేల, అది దిగి బావినీళ్లలో కలుస్తుంది. మెకానిక్కు షెడ్డుకు ఇచ్చెయ్యాలి. అన్నిటికన్నా మంచిది, పోసేటప్పుడే కొంచెం కొంచెంగా పోసి, ప్రతిసారీ కొలవడం.

ఎవరూ పోయకుండానే నూనె పెరిగితే అది జబ్బు గుర్తు. డీజిల్ వాసన వచ్చి పలచగా ఉంటే డీజిల్ లోపల కారుతోంది. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. అప్పుడు కొంచెం తీసేస్తే చాలదు, మెకానిక్కును పిలవాలి.

మనకెందుకు ఇది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. అప్పుడు నాకు ఏడేళ్లు. కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు పడిపోయి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. జనరేటరు ఉన్నచోటే ట్యాంకుకు నీళ్లు ఎక్కాయి. అలాంటి రోజున ఇంజను పాడైతే తాగడానికి నీళ్లుండవు. టెక్కలి నుంచైనా, పలాస నుంచైనా మెకానిక్కు రావడానికి దారి కూడా ఉండదు.

అందుకే పోయిన ఆదివారం తాత పోస్తుంటే నేను పుల్ల తీసి చూశాను. పై గీతకు అర వేలు పైన ఉంది. నా గుండె కొట్టుకుంది. అయినా ఈసారి గట్టిగానే అన్నాను, "తాతా, స్టార్టు చెయ్యకు, ఎక్కువైంది" అని. తాత కోప్పడలేదు. కళ్లద్దాలు పెట్టుకొని చూసి, "ఔనే పిల్లా" అన్నాడు. మగ్గుడు నూనె తీశాం.

చెల్లెళ్లారా, కుండలో నీళ్లు ఎక్కువైతే అన్నం పొంగి పొయ్యి ఆరిపోతుంది. నూనె అయినా అంతే. మంచిదే అయినా గీత దాటకూడదు. ఆ గీత మనకు కనిపించినప్పుడు నోరు తెరిచి చెప్పాలి.

ప్రశ్నలు (జవాబులు పక్క ఆదివారం లోపు నాకు ఇవ్వండి)
1. నూనె ఎక్కువైతే బేరింగుకు నూనె ఎందుకు తక్కువ అందుతుంది?
2. డీజిల్ కట్టినా ఇంజను ఆగకపోతే కారణమేమి?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని