ఎడారి నగరంలో ఉద్యోగం: నిర్ణయానికి ముందు

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి దుబాయికి, కడప ప్రాంతం నుండి కువైట్‌కు ఉపాధికై వెళ్లినవారు అనేకులు. మన విద్యార్థులలోనూ ఈ ఆలోచన గలవారున్నారు. వెళ్లవలెనా, మానవలెనా అను ప్రశ్నకు జీతమొక్కటే కొలబద్ద కారాదని మేము భావిస్తున్నాము.

మొదటిది శీతోష్ణస్థితి. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదైనది. రామగుండం ఎండలకు ఓర్చినవారికి సైతం దుబాయి వంటి తీరనగరాల ఉక్కపోత కొత్తదే. గాలిలో తేమ హెచ్చినపుడు చెమట ఆరదు. చెమట ఆరనిదే దేహం చల్లబడదు. అందువలననే అచట జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట పనిని నిషేధించినారు. కనుక చేయబోవు పని ఎండలోనా, నీడలోనా అన్నది ముందుగా తెలిసికొనవలెను.

రెండవది ఒప్పందం. 1983 నాటి వలస చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసినది. ఆ పత్రం చూడక పైకమీయరాదు. విజిట్ వీసాపై పనికి పోరాదు. జీతం, వసతి, సెలవు వ్రాతలో ఉండవలెను.

మూడవది అప్పు. అచట జీతంపై ఆదాయపు పన్ను లేదు. కాని అప్పుచేసి వెళ్లినవాని తొలి సంపాదన వడ్డీకే చెల్లును. ఆ ఋణం తీరుటకు ఎన్ని నెలలు పట్టునో కాగితంపై లెక్కవేసి, ఇంటిపెద్దల ముందుంచి, పిదప నిర్ణయించుకొనుట మేలు.