వేలిముద్ర – ఇళ్ళ బ్రోకరు లైసెన్సు

మన పల్లెల్లో "వేలిముద్రగాడు" అంటే చదువు రానివాడని అర్థం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే ఏజెంటు కాదలచినవాడు 180 గంటల పాఠాలు చదివి, పరీక్ష ప్యాసయి, పైగా పది వేళ్ళ ముద్రలూ ఇచ్చుకోవాలి. ఇవ్వనిదే లైసెన్సు రాదు. కాలిఫోర్నియా, ఫ్లారిడా రాష్ట్రాలలోనూ ఇదే పద్ధతి. డాలస్ ప్రాంతంలో ఈ వ్యాపారంలోకి దిగే మన తెలుగువారికీ ఇది తప్పదు.

ఇంత కట్టుదిట్టం దేనికని అడగవచ్చు. కొనేవాడిచ్చిన బయానా సొమ్ము బ్రోకరు ఖాతాలో ఉండవచ్చు. ఇంటివాళ్ళు లేనప్పుడు కూడా గుమ్మానికి తగిలించిన తాళపుపెట్టె తెరచి ఏజెంటు లోపలికి వెళ్ళగలడు. అలాంటివాడి పూర్వచరిత్ర చూడాలనుకోవడం సబబే. పేరును బట్టి చూడవచ్చు గదా అంటే, మన ఊళ్ళో వెంకటేశ్వర్లు అని కేకేస్తే ఎంతమంది పలుకుతారో లెక్కపెట్టుకోండి! పైగా పేరు మార్చుకోవచ్చు, వేలిగీతలు మార్చుకోలేము.

ఈ గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. సుడి, మెలిక, కమాను అనే మూడు ముఖ్యమైన ఆకారాలలో మెలికలే ఎక్కువ, నూటికి 60 పైన. అయితే మనిషిని పట్టి ఇచ్చేది ఆకారం కాదు. దున్నిన చేలో చాళ్ళు చూడండి. ఒకటి నడుమ ఆగిపోతుంది, ఒకటి రెండుగా చీలుతుంది. వేలిమీదా అంతే. ఆ ఆగిన చోట్లు, చీలిన చోట్లు ఎక్కడెక్కడున్నాయో పోల్చి చూస్తారు. ఒకే పోలికగల కవలలకు కూడా ఇవి వేరువేరుగా ఉంటాయి.

చాలామందికి తెలియని సంగతేమంటే, ఈ విద్య మన దేశంలోనే ఎదిగింది. అదీ దొంగల కోసం మొదలు కాలేదు, కాగితాల కోసం మొదలయింది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర తోలే ఒప్పందం మీద రాజ్యధర్ కోనాయ్ చేత అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో దస్తావేజుల రిజిస్ట్రేషనుకు వేలిముద్రలు తీసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలసింది. అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనేవారు వర్గీకరణకు లెక్క కట్టారు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది. ఆ లెక్క మన ఇంటర్ గణితమే. ప్రతి వేలిమీద సుడి ఉంటుంది, లేదా ఉండదు. పది వేళ్ళకు రెండు చొప్పున హెచ్చిస్తే 1024 అరలు. లక్ష కార్డులున్నా ఒక్క అరలో వెతికితే సరిపోతుంది.

ఇప్పుడు అరలు లేవు, సిరా లేదు. గాజుపలక మీద వేలు పెడితే యంత్రం చదివి రాష్ట్ర పోలీసు శాఖకూ, ఎఫ్.బి.ఐ.కీ పంపుతుంది. లైసెన్సుల కోసం ఎఫ్.బి.ఐ. రికార్డులు రాష్ట్రాలకు ఇవ్వడానికి 1972 నాటి చట్టం వీలు కల్పించింది. కాలిఫోర్నియాలో లైసెన్సు వచ్చాక మళ్ళీ అరెస్టయినా ఆ కబురు శాఖకు చేరుతుంది.

చిక్కంతా రికార్డులోనే ఉంది. అరెస్టు చేసిన సంగతి ఎక్కుతుంది, కోర్టు కొట్టేసిన సంగతి ఒక్కోసారి ఎక్కదు. ముద్ర సరిగ్గా కలిసినా సమాచారం సగమే. అందుకే రికార్డు తప్పయితే సరిచేసుకునే అవకాశం దరఖాస్తుదారుకు ఇవ్వాలని అక్కడి కేంద్ర నిబంధన చెబుతోంది. టెక్సాస్‌లో, పాత కేసున్నవాడు చదువుకు డబ్బు తగలేయక ముందే తనకు అర్హత ఉందో లేదో అడిగి తేల్చుకోవచ్చు. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు.

రెండో చిక్కు కాయకష్టం చేసేవాళ్ళది. సిమెంటు, సున్నం, పలుగూ పారా పట్టిన చేతుల గీతలు అరిగిపోతాయి. రెండుసార్లు పంపినా ముద్ర పనికిరాకపోతే ఎఫ్.బి.ఐ. పేరుతోనే వెతుకుతుంది. అంటే తిరిగి వెంకటేశ్వర్ల దగ్గరికే వచ్చామన్నమాట! మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు రేషను డిపోలో యంత్రం వేలిని గుర్తుపట్టకపోవడం తెలిసిన బాధే. కొత్తగా ఏ తనిఖీ పెట్టినా ముందు ఈ చేతుల్ని గురించి ఆలోచించాలి.

మన దగ్గర 2001 సవరణ తర్వాత భూమి అమ్మేవారూ కొనేవారూ రిజిస్ట్రేషనుకు ఫోటో, వేలిముద్ర ఇవ్వాలి. మధ్యన బేరం కుదిర్చినవాడి వేలు ఎవరూ అడగరు. 2016 రెరా చట్టం ఏజెంట్లు నమోదు కావాలంది, కానివారికి రోజుకు పదివేల రూపాయల జరిమానా పెట్టింది. అందులో వేలిముద్రల తనిఖీ మాట లేదు. అదైనా ఆ చట్టం కింద నమోదయిన ప్రాజెక్టులలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మేవారికే. రైతు దగ్గర రెండెకరాల చేను బేరం పెట్టి రెండువైపులా కమీషను పుచ్చుకునే మధ్యవర్తి దాని కిందికి రాడు.