జర్మనీ చదువు: శని, ఆదివారాల లెక్క

జర్మనీలో మాస్టర్స్‌కు బయల్దేరేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ యూనివర్సిటీ మంచిది, వీసాకు చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ఎంత వేయాలి, పార్ట్‌టైమ్ దొరుకుతుందా, చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారు? శని, ఆదివారాలు ఏం చేద్దామనుకుంటున్నావని తిరిగి అడిగితే నవ్వేస్తారు. అది కాలక్షేపం సంగతి అన్నట్టు. రెండేళ్ల కోర్సులో శని, ఆదివారాలు రెండొందలు దాటుతాయి. జర్మన్ భాష నోట నానేది, ఉద్యోగం కబురు చెవిన పడేది, ఇంటి మీద బెంగ తగ్గేది క్లాసులో కన్నా ఆ రోజుల్లోనే ఎక్కువ. కెరీర్ పేజీలో స్నేహాల గురించి రాయడానికి కారణం అదే.

ముందు ఆదివారం గురించి. అక్కడ ఆదివారం సూపర్ మార్కెట్లు ఉండవు. ఆ రోజును విశ్రాంతి దినంగా రాజ్యాంగమే కాపాడుతోంది. రైల్వే స్టేషన్లలో కొన్ని షాపులు, పొద్దున కాసేపు బేకరీలు, అంతే. శనివారం సాయంత్రం పాలు, పెరుగు తెచ్చుకోవడం మరిచిపోతే సోమవారం దాకా ఆగాల్సిందే. మనవాళ్లు ఎక్కువగా దిగేది అక్టోబరులో, వింటర్ సెమిస్టర్‌కు. దిగిన రెండు నెలలకే సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. రోడ్డు మీద అలికిడి ఉండదు. హాస్టల్ గదిలో ఒక్కడే కూర్చున్న కుర్రాడికి మనవాళ్లు సాయంత్రాలు టీకొట్టు దగ్గర గడిపే తీరు గుర్తొస్తే ఆ రోజు గడవడం కష్టం. సీనియర్లు నవంబర్ నుంచే జాగ్రత్తగా ఉండమనేది ఇందుకే.

అప్పుడు ఆదుకునేది తెలుగు గ్యాంగే. స్టేషన్‌కొచ్చి పెట్టెలు మోసేది వాళ్లు, ఇల్లు దొరికేదాకా నేల మీద పరుపేసి పడుకోబెట్టేది వాళ్లు, నగర కార్యాలయంలో చిరునామా నమోదుకు ఏ కాగితాలు కావాలో చెప్పేది వాళ్లు. శనివారం రాత్రి బిర్యానీ, ఆ బిర్యానీ ఖర్చు మీద స్ప్లిట్‌వైజ్ యాప్‌లో గొడవ, ఆ గొడవ తీరాక సినిమా. ఈ బంధాన్ని తక్కువ చేసి మాట్లాడే సలహాదారులంటే నాకు పడదు. మనవాళ్లతో కలవకు, భాష రాదు అని కొందరు హెచ్చరిస్తుంటారు. జ్వరమొస్తే కషాయం కాచిచ్చేది ఆ మనవాళ్లే. చిక్కు వచ్చేది వారం పొడుగునా వాళ్లే, శనివారం వాళ్లే, ఆదివారం కూడా వాళ్లే అయినప్పుడు. ఏడాది గడిచినా జర్మన్ బేకరీ కౌంటర్ దాటి ముందుకు పోదు. గ్యాంగులో అందరూ ఒకే కోర్సు, ఒకే సెమిస్టర్, అందరికీ తెలిసింది ఒకటే.

ఇక టూర్లు. ఇవి చవగ్గా కుదిరే దేశం అది. దేశమంతటా లోకల్, రీజినల్ రైళ్లు, బస్సులు, ట్రాములు ఎక్కే డోయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది. 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు దాదాపు అరవై శాతం ధరకే సెమిస్టర్ ఫీజుతో పాటు వచ్చేస్తుంది. ఐసీఈ, ఐసీ రైళ్లకు మాత్రం ఇది చెల్లదు. తెలియక ఎక్కి దొరికిపోతే జరిమానా కనీసం 60 యూరోలు. పైగా ఈ టికెట్ పేరు మీద ఉంటుంది, ఊరి నుంచి వచ్చిన ఫ్రెండును వెంట తీసుకెళ్లడానికి పనికిరాదు. ఆ టికెట్ లేనివాళ్లు నలుగురైదుగురుంటే రాష్ట్రాల వారీగా అమ్మే గ్రూప్ టికెట్ లాభం. ఐదుగురి దాకా ఒకే టికెట్, శని, ఆదివారాల్లో రోజంతా తిరగొచ్చు, మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే.

ఒక ఆదివారం ఎలా ఉంటుందో చూడండి. కెమ్‌నిట్జ్‌లో భారతీయ విద్యార్థులు బాగానే ఉంటారు. పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకుని రీజినల్ రైలెక్కితే డ్రెస్డెన్ గంట ప్రయాణం. అక్కడ ఎస్1 రైలు మారితే ఎల్బే నది పక్కనే సాగి ముప్పావు గంటలో రాటెన్ అనే చిన్న ఊళ్లో దింపుతుంది. నది దాటడానికి అక్కడో పడవ ఉంది. ఇంజిన్ లేదు. ఎగువన నదిలో లంగరేసిన పొడవాటి తాడుకు కట్టి ఉంటుంది. సరంగు పడవను కాస్త వాలుగా తిప్పుతాడు, ప్రవాహమే దాన్ని అవతలి ఒడ్డుకు నెట్టేస్తుంది. మెకానికల్ వాళ్లు ఫొటోలు తీయడం మానేసి ఆ తాడు కేసి చూస్తూ నిలబడిపోతారు. అవతల మెట్ల దారిన కొండెక్కితే బస్టై వంతెన. 1851లో ఇసుకరాయితో కట్టింది, కింద ఎల్బే దాదాపు 190 మీటర్ల లోతున కనిపిస్తుంది. చూడటానికి టికెట్ లేదు. రోజు మొత్తానికి ఖర్చు పడవ టికెట్, కాఫీ, ఐస్‌క్రీమ్ మాత్రమే. మ్యూనిక్‌లో ఉన్నవాళ్లకైతే ఆదివారాల్లో పినకోటెక్ చిత్రశాలల టికెట్ ఒక యూరోనే. డోయిచ్‌లాండ్ టికెట్ మీద సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా వెళ్లి రావొచ్చు. ఆ దారిలో పోలీసులు రైల్లోకొచ్చి కాగితాలు అడగడం మామూలే కాబట్టి పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

ఇలా నెలకొకసారి తిరగండి, తప్పులేదు. మన విద్యార్థులు పొరబడేది ఒక్కచోట. ఊళ్లు తిరిగితే స్నేహాలు పెరుగుతాయనుకుంటారు. పెరగవు. వెళ్లింది ఐదుగురు మనవాళ్లు, వచ్చింది అదే ఐదుగురు. జర్మన్లతో, ఆ మాటకొస్తే అక్కడున్న పోలండ్, ఇరాన్, వియత్నాం విద్యార్థులతో కూడా, స్నేహం కుదిరేది వేరే తీరులో. ఒకే చోటికి, ఒకే వేళకు, వారం వారం వెళ్లాలి. మొదటి నెల ఎవరూ పట్టించుకోరు. రెండో నెల పేరు అడుగుతారు. మూడో నెల మీరు రాకపోతే ఎందుకు రాలేదని మెసేజ్ పెడతారు. రైల్లో పక్క సీటువాడితో ఊరు, కులగోత్రాల దాకా మాట్లాడేసే మనకు ఇది నత్తనడకలా అనిపిస్తుంది. వాళ్లు మొహం చిట్లించారనుకుని మూడో వారానికే మానేస్తాం.

అలాంటి చోట్లు ఆ దేశంలో కావలసినన్ని. ఫుట్‌బాల్ నుంచి చదరంగం దాకా, పాటల బృందం నుంచి కొండలెక్కే సంఘం దాకా ప్రతిదానికీ రిజిస్టరైన క్లబ్బు ఉంటుంది, దాన్ని ఫెరైన్ అంటారు. యూనివర్సిటీలోనే హోఖ్‌షూల్‌స్పోర్ట్ పేరుతో బ్యాడ్మింటన్, వాలీబాల్, క్లైంబింగ్, ఈత కోర్సులు బాగా చవగ్గా నడుస్తాయి. భాషా టాండెమ్ ఉంటుంది. మీకు జర్మన్ నేర్పేవారికి మీరు ఇంగ్లిషో, హిందీయో నేర్పుతారు, డబ్బు ప్రసక్తి ఉండదు. హాస్టల్ కామన్ రూమ్‌లో బోర్డ్ గేమ్ సాయంత్రాలు జరుగుతాయి. ఈఎస్ఎన్ వంటి విద్యార్థి సంఘాలు వచ్చిన కొత్తలో మంచివే. కాకపోతే అక్కడ కలిసే ఎరాస్మస్ మార్పిడి విద్యార్థులు ఒకట్రెండు సెమిస్టర్లకే వెళ్లిపోతారు, నమ్ముకుని కూర్చోకండి. క్రికెట్ ఆడేవాళ్లకు వేరే అదృష్టం. 2015 తర్వాత వచ్చిన అఫ్గాన్ల పుణ్యమా అని జర్మనీలో క్రికెట్ క్లబ్బులు బాగా పెరిగాయి. ఆదివారం మ్యాచ్‌లో మీతో ఫీల్డింగ్ చేసేవాళ్లలో అక్కడి కంపెనీల్లో ఏళ్లుగా పనిచేస్తున్న వాళ్లుంటారు.

ఇదంతా ఉద్యోగానికేం పనికొస్తుందంటారా? అమెరికన్ సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో అచ్చయిన ఒక వ్యాసంలో, ఉద్యోగం మారినవాళ్లకు ఆ కబురు ఎవరి ద్వారా అందిందో విచారించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఆ మనిషిని తరచూ కలుస్తుండేవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. మిగతావారంతా అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లు. ప్రాణ స్నేహితుడికి తెలిసింది మీకు ముందే తెలుసు మరి. క్లైంబింగ్ హాల్లో తాడు పట్టుకునే భాగస్వామికి మీ క్లాసులో ఎవరికీ తెలియని కంపెనీ తెలుసు. జర్మనీలో చదువుకు తగ్గ పార్ట్‌టైమ్‌ను వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగం అంటారు. మధ్యతరహా కంపెనీల్లో ఈ ఖాళీలు చాలాసార్లు బయట ప్రకటించకముందే లోపలివాళ్లకు తెలుస్తాయి. అలాగని పరిచయమైన రెండో వారమే సీవీ చేతిలో పెట్టకండి. రిఫరల్ ఇస్తారా అని లింక్డ్ఇన్‌లో అడిగినట్టు అడిగితే అక్కడ ముఖం మీదే తలుపు పడుతుంది. ఏం చదువుతున్నావని వాళ్లే అడుగుతారు. అప్పుడు చెప్పేందుకు మీ ప్రాజెక్టు గురించి నాలుగు వాక్యాలు జర్మన్‌లో సిద్ధంగా ఉంచుకోండి, తప్పులున్నా పర్లేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. ఆ గడువు మొదలయ్యాక మనుషుల్ని వెతుక్కోవడం ఆలస్యమే.

కొన్ని మర్యాదలు తెలిసుంటే నయం. పిలుపు రెండు, మూడు వారాల ముందే వస్తుంది, ఆరింటికంటే ఆరింటికే. హోటల్లో బిల్లు ఎవరిది వాళ్లే కడతారు. నేనిస్తానంటే నేనిస్తానని లాక్కుంటే వాళ్లు ఇబ్బంది పడతారు తప్ప మురిసిపోరు. పుట్టినరోజు మీదైతే కేకు మీరే తేవాలి. ముందురోజే శుభాకాంక్షలు చెప్పారో అపశకునం అంటారు, ఈ విషయంలో వాళ్లకు మనకన్నా పట్టింపు ఎక్కువ. మందు తాగనని చెబితే ఎవరూ బలవంతపెట్టరు. క్రిస్మస్ సంతలో వేడి వైన్ పక్కనే పిల్లలు తాగే కిండర్‌పున్ష్ దొరుకుతుంది. ఇంటికి పిలిచి దోసెలు వేసిపెట్టడం మాత్రం ఎక్కడైనా పనిచేసే మంత్రమే. కారం సగానికి తగ్గించండి, రాత్రి పదింటి తర్వాత చప్పుడు చేయకండి.

ఇవన్నీ తీరిక ఉన్నవాళ్లకు అనుకునేవాళ్లుంటారు. నిజమే, బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు చేతికొచ్చేది 992 యూరోలు. అందులోంచే అద్దె, సుమారు నూట యాభై యూరోల ఆరోగ్య బీమా, తిండి. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు కాబట్టి గోడౌన్‌లో శని, ఆదివారాలు ఎనిమిదేసి గంటలు చేస్తే రెండొందల ఇరవై దాకా కళ్లముందే కనిపిస్తుంది. ఇంటి దగ్గర విద్యారుణం పెరుగుతుంటే కాదనడం కష్టం. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయనిస్తారు. అవసరమున్నవాళ్లు చేయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ రెండు రోజులూ అమ్మేయకండి. శనివారం షిఫ్టుకిస్తే ఆదివారం మీకుంచుకోండి. రెండేళ్లూ పెట్టెలు సర్దినవాడి సీవీలో కోర్సుకు సంబంధించిన అనుభవం ఉండదు. అతను గోడౌన్‌లో సంపాదించినదానికన్నా వెర్క్‌స్టూడెంట్ పని దొరక్క పోగొట్టుకున్నదే ఎక్కువని చివరి సెమిస్టర్లో తెలుస్తుంది.

ఒక విషయం దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి. నీళ్లు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గరికి స్నేహితులతో సరదాగా వెళ్లిన ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. ఇలాంటి వార్తలు అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి వస్తూనే ఉంటాయి. జర్మన్ పిల్లలు చిన్నప్పుడే ఈత నేర్చుకుని బ్యాడ్జీలు తెచ్చుకుంటారు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా ఊరి చెరువులో నేర్చిందే. అక్కడి సరస్సు పైకి ఎండలో తళతళలాడుతున్నా లోపల చల్లగా కొరుకుతుంది. ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుపోయి ఈతగాళ్లు కూడా చేతులు ఆడించలేరు. గ్యాంగులో ఒకడు దిగితే మిగతావాళ్లు పౌరుషానికి దిగుతారు, రీల్ కోసం రాళ్ల అంచుకు వెళతారు. ఈత రాదని అందరి ముందు చెప్పేయండి, మోకాలి లోతు దాటకండి. ఎవరైనా మునిగితే వెనకే దూకకుండా తేలే వస్తువేదైనా విసిరి 112కు ఫోన్ చేయండి. యూనివర్సిటీ స్పోర్ట్‌లో పెద్దవాళ్లకూ ఈత కోర్సులుంటాయి, మొదటి ఏడాదే చేరొచ్చు.

తల్లిదండ్రులకూ ఒక మాట. బస్టై వంతెన మీద కొడుకు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో చూడగానే, చదువుకోమని పంపిస్తే ఊళ్లు తిరుగుతున్నాడని ఫోన్ చేయకండి. ఆ ఫొటోలో పక్కనున్నది ఎవరని అడగండి. నాలుగు నెలలుగా ఏ ఫొటోలోనూ ఎవరూ లేకపోతే, ఫోన్ ఎత్తినా బాగానే ఉన్నానని పొడిగా పెట్టేస్తుంటే, అప్పుడు ఆరా తీయండి. యూనివర్సిటీల్లో విద్యార్థి సేవా విభాగాలు నడిపే ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లూ చాలాచోట్ల దొరుకుతారు. అక్కడికి వెళ్తే ఆ సంగతి వీసా ఆఫీసుకు చేరదు.

ఈ అక్టోబరులో దిగేవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. సెమిస్టర్ మొదలయ్యే వారం హోఖ్‌షూల్‌స్పోర్ట్ కోర్సుల బుకింగ్ ఏ రోజు, ఎన్ని గంటలకు తెరుస్తారో యూనివర్సిటీ సైట్లో ముందే చూసిపెట్టుకోండి. బ్యాడ్మింటన్, క్లైంబింగ్ సీట్లు మన తత్కాల్ టికెట్లలా నిమిషాల్లో అయిపోతాయి. అలారం పెట్టుకోండి. అది తప్పిపోతే వెయిటింగ్ లిస్టులో పేరివ్వండి. రెండో వారం నుంచి మానేసేవాళ్లు అక్కడా ఉంటారు.