మహాసభలో లెక్కలు చూపుటకు ఫోనుపై స్లైడ్లు



జమాఖర్చులు గబగబా చదివినంత మాత్రాన సభ్యులకు తెలిసినట్లు కాదు. వెనుక వరుసవారికీ అంకె కనిపించవలెను. అప్పుడే ప్రశ్న వచ్చును. ఇందుకు కార్యదర్శి ఫోనులో గూగుల్ స్లైడ్స్ యాప్, సభలో ఒక పెద్ద టీవీ చాలును.

1. ప్లస్ గుర్తు తాకి కొత్తది తెరవవలెను.
2. అక్షరాల పెట్టెపై రెండుసార్లు తట్టి టైపు చేయవలెను.
3. స్లైడుకు ఒక్క విషయమే: సేకరించిన పాలు, సగటు వెన్న శాతం, చెల్లించిన ధర, మిగులు, బోనసు.
4. వరుస మార్చుటకు స్లైడును నొక్కి పట్టి జరపవలెను.

వేలు తగిలి అంకె మారినచో యాప్ ఆ తప్పునే దాచుకొనును. కావున సభకు ముందు పాలకవర్గ సభ్యులొకరు ప్రతి అంకెను రిజిస్టరుతో సరిచూడవలెను. స్లైడు చూపుటకే, ప్రమాణము రిజిస్టరే.