ఎండిన తోలుకు నూనె ఎందుకు?

మోట బావులు పోయి కరెంటు మోటార్లు వచ్చిన తర్వాత మా చిన్న మంగళారం వైపు పల్లెల్లో తోలు సామాను అటకెక్కింది. మోట తొండం, ఎద్దుల గజ్జెల పట్టీ, చెర్నకోల – ఏది కిందికి దించినా కట్టెలాగ బిగుసుకుపోయి ఉంటుంది. "జర ఆముదం రాయి, మెత్తబడ్తది" అంటారు పెద్దలు. ఈ మాటలో రసాయనశాస్త్రం ఎంత ఉన్నదో, అది ఎంతవరకు పనిచేస్తుందో మిత్రులకు వివరిస్తాను.

తోలు అంటే ఏమిటి?

చర్మంలో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే ప్రోటీన్. అది సన్నని పోగులుగా అల్లుకొని ఉంటుంది. పచ్చి చర్మాన్ని తడిగా వదిలితే కుళ్ళుతుంది, ఎండబెడితే రేకులాగ గట్టిపడుతుంది. అందుకే మన పల్లెల్లో తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్ళలో దానిని ఊరవేసేవారు. వాటిలోని టానిన్లు కొల్లాజెన్‌ను పట్టుకొని కుళ్ళకుండా కాపాడుతాయి.

నూనె చేసే పని

నూనె తోలుకు తిండి కాదు, బండి ఇరుసుకు కందెన వంటిది. తోలులోని నీరు, నూనె తగ్గితే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వంచినప్పుడు జారలేక తెగుతాయి. నూనె మధ్యలో చేరితే మళ్ళీ జారుతాయి.

అయితే అన్ని నూనెలూ పనికిరావు. అయొడిన్ విలువ ఎక్కువైన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అవిసె నూనెకు ఈ విలువ సుమారు 170 పైన. రంగులకు మంచిదే గాని తోలుకు చేటు. కొబ్బరి నూనెకు 10 దరిదాపుల్లోనే గాని, చలికాలం గడ్డకడుతుంది. ఆముదానికి సుమారు 85; చిక్కగా ఉంటుంది, ఆరి గట్టిపడదు. మన మెట్ట చేలలో పండే పంట కూడ.

చేసే విధానం

1. దుమ్ము తుడిచి, తడిగుడ్డతో తోలును కొంచెం చెమ్మ చేయాలి. నీరు ఆరుతుంటే నూనె లోపలికి చేరుతుంది.
2. గుడ్డతో ఆముదం పలుచగా రాసి, నీడలో ఒక రాత్రి ఉంచాలి.
3. చేత్తో మెల్లగా వంచుతూ, మిగిలిన నూనె తుడవాలి. చాలకపోతే మర్నాడు మళ్ళీ.

ఎండలో, పొయ్యి దగ్గర పెట్టరాదు. తడి తోలు బాగా వేడెక్కితే కొల్లాజెన్ ముడుచుకుపోతుంది. ఇక ఏ నూనె వల్లా తిరిగిరాదు. చేతికి ఎర్రని పొడి రాలే తోలులో పోగులే తెగిపోయి ఉంటాయి. దానికి నూనె రాస్తే నల్లబడటమే గాని బలం రాదు. మ్యూజియంలలో పాత తోలుకు నూనె రాయడం ఇప్పుడు మానుకుంటున్నారు.

చివరి మాట

మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ 1948లో ఏర్పడింది. దానికి డైరెక్టరుగా పనిచేసి ప్రపంచ ప్రసిద్ధి పొందిన యలవర్తి నాయుడమ్మ గారు తెలుగువారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో మరణించారు. తోలు విద్య మన ఊరి మాదిగ వాడలలో పుస్తకం లేకుండా తరతరాలుగా నిలిచినదే. వాళ్ళు కుట్టిన తోలు బొక్కెనతో తోడిన నీళ్ళకే మావంటి రైతుల పొలాలు పండినవి. ఆ నీళ్ళకు లేని మైల ఆ చేతులకు ఎట్లా అంటింది? ల్యాబులో కొల్లాజెన్ గురించి చదివే మనం ఈ ప్రశ్నకు కూడ జవాబు చెప్పుకోవాలి. అటక మీది తోలును మెత్తబరచే విద్య తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరకు వెళ్ళి, కూర్చుని, అడిగి రాసుకుందాం.